రైల్వే ఉన్నతాధికారుల ఎంపిక: పరీక్షలు, బాధ్యతలు



ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు సిద్ధమయ్యే సివిల్ ఇంజనీరింగు విద్యార్థి తప్పక అభ్యసించవలసిన విషయాలలో జలశాస్త్రం ఒకటి. ఒక వాగులోకి ఎంత విస్తీర్ణం నుంచి నీరు వచ్చి చేరుతుంది, కుంభవృష్టి కురిసినప్పుడు ఆ ప్రవాహం ఎంతకు పెరుగుతుంది, ఆ నీరు నిరాటంకంగా సాగిపోవడానికి వంతెన కింద ఎంత దారి విడిచిపెట్టాలి అనేవి ఆ పాఠంలోని ప్రశ్నలు. పరీక్ష హాలులో అవి కొన్ని మార్కుల లెక్కలు. లెక్క తప్పితే ఆ మార్కులు మాత్రమే పోతాయి.

1956 సెప్టెంబరు 2న నాటి హైదరాబాదు రాష్ట్రంలో జడ్చర్ల, మహబూబ్‌నగర్ స్టేషన్ల మధ్య ఒక వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ దానిని అంగీకరించలేదు. మూడు నెలలైనా గడవకముందే, నవంబరు 23న, మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు సమీపంలో వరద తాకిడికి మరొక వంతెన దెబ్బతిని అంతకంటె ఘోరమైన ప్రమాదం సంభవించింది. శాస్త్రి మరల రాజీనామా చేశారు. ఈసారి అది ఆమోదం పొందింది. నైతిక బాధ్యతకు ఆ రాజీనామాను నేటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు.

అయితే మంత్రులు వస్తారు, పోతారు. ప్రతి ఏటా వానలకు ముందు వంతెనలను పరిశీలించడం, వరద మట్టాన్ని గమనించడం, అనుమానం కలిగినప్పుడు ఎవరెంత తొందరపెట్టినా రైలును ఆపించడం మొదలైన పనులు స్థిరంగా ఉండే అధికారుల చేతిలో ఉన్నవి. పరీక్ష హాలులోని లెక్కకూ, వాగు మీది వంతెనకూ నడుమ నిలిచే మనిషి ఆ అధికారి. అటువంటి మనిషిని దేశం ఏ విధంగా ఎన్నుకుంటున్నది? ఆ ఎన్నిక అందరికీ అందుబాటులో ఉన్నదా? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయం.

తలుపులు తెరుచుకున్న క్రమం

మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. ఆ తర్వాత దాదాపు ఏడు దశాబ్దాలు గడిచినా, రైలు మార్గాలు దేశమంతటా అల్లుకున్నా, వాటి ఉన్నత పదవులు భారతీయులకు అందలేదు. 1920లో నియమితమై మరుసటి సంవత్సరం నివేదిక సమర్పించిన ఆక్వర్త్ సంఘం ఈ పరిస్థితిని అంకెలతో బయటపెట్టింది. నాడు రైల్వేలలో సుమారు 7 లక్షల 10 వేల మంది పని చేస్తుండగా వారిలో యూరోపియన్లు 7 వేల మంది మాత్రమే. అనగా నూటికి ఒక్కరు. కాని అత్యున్నత పదవులలో ఒక్క భారతీయుడైనా లేడు. పట్టాలు పరచినవారు, బొగ్గు వేసినవారు, జెండా ఊపినవారు ఈ దేశస్థులు. నిర్ణయాలు చేసినవారు మాత్రం వేరొకరు.

1924లో లీ కమిషన్ రైల్వేలలోని ఖాళీలలో 75 శాతం మేరకు నియామకాలు ఈ దేశంలోనే జరగాలనీ, అందుకు తగిన శిక్షణ సదుపాయాలు పెంచాలనీ సిఫారసు చేసింది. 1926 అక్టోబరు 1న తొలి పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. 1927లో బీహారులోని జమాల్‌పూరు కర్మాగారంలో స్పెషల్ క్లాస్ అప్రెంటిసుల శిక్షణ మొదలైంది. ఇంటర్మీడియట్ స్థాయి చదువు ముగించిన యువకులను పోటీ పరీక్ష ద్వారా ఎన్నుకొని, సంవత్సరాల తరబడి కర్మాగారంలో చేతితో పని చేయించి, మెకానికల్ ఇంజనీరు అధికారులుగా తీర్చిదిద్దిన పద్ధతి అది. సుత్తి పట్టిన చేయే తర్వాత సంతకం చేయాలన్నది దాని వెనుక ఉన్న భావం. 2015 తర్వాత ఆ పరీక్ష జరగలేదు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు రాజ్యాంగ ప్రతిపత్తి లభించింది. ప్రభుత్వోద్యోగాలలో పౌరులందరికీ సమానావకాశం ఉండాలని 16వ అధికరణం నిర్దేశించింది. అదే అధికరణం వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కల్పించే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చింది. సిఫారసు లేఖ స్థానంలో ప్రశ్నపత్రం వచ్చింది. ఈ మార్పు చిన్నది కాదు.

రెండు దారులు

రైల్వే ఉన్నతోద్యోగాలకు చిరకాలంగా రెండు ప్రధాన పరీక్షలు దారి చూపుతూ వచ్చినవి. మొదటిది ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్ష. పట్టాలు, వంతెనలు నిర్మించి కాపాడే సివిల్ ఇంజనీర్లు, బోగీలు, యంత్రాల బాధ్యత వహించే మెకానికల్ ఇంజనీర్లు, విద్యుత్ వ్యవస్థను నడిపే ఎలక్ట్రికల్ ఇంజనీర్లు, సిగ్నళ్లు, టెలికమ్యూనికేషన్ల నిపుణులు, సామగ్రిని సమకూర్చే స్టోర్స్ అధికారులు ఈ మార్గంలో వస్తారు. ప్రాథమిక పరీక్షకు 500 మార్కులు, ప్రధాన పరీక్షకు 600, వ్యక్తిత్వ పరీక్షకు 200, మొత్తం 1300.

రెండవది సివిల్ సర్వీసుల పరీక్ష. రైళ్ల రాకపోకలను, సరుకుల రవాణాను నిర్వహించే ట్రాఫిక్ అధికారులు, ఆదాయవ్యయాలు చూసే అకౌంట్స్ అధికారులు, ఉద్యోగుల సంక్షేమం, నియామకాలు చూసే పర్సనల్ అధికారులు ఈ మార్గంలో వస్తారు. ఇందులో ప్రాథమిక పరీక్ష వడపోతకు మాత్రమే ఉపయోగపడుతుంది. తుది ఫలితం ప్రధాన పరీక్షలోని 1750 మార్కుల మీద, వ్యక్తిత్వ పరీక్షలోని 275 మార్కుల మీద ఆధారపడుతుంది.

పరీక్ష ఏదైనా, అది కొలవగలిగినది జ్ఞానాన్ని, తర్కాన్ని, కొంతమేరకు స్థైర్యాన్ని. మిగిలినది ఉద్యోగమే కొలుస్తుంది. ఇందుకు ఎలాట్టువళపిల్ శ్రీధరన్ జీవితం చక్కని నిదర్శనం. పాలక్కాడు ప్రాంతానికి చెందిన ఈయన ఇంజనీరింగు చదివినది మన కాకినాడ ప్రభుత్వ కళాశాలలో. 1953 ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షలో ఉత్తీర్ణుడై రైల్వేలలో చేరారు. 1964 డిసెంబరులో రామేశ్వరం తీరాన్ని తాకిన తుపాను పాంబన్ వంతెన గర్డర్లను అనేకం సముద్రంలో పడవేసింది. మరమ్మతుకు మొదట ఆరు నెలల గడువు అనుకొని, పిదప దానిని మూడు నెలలకు కుదించారు. ఆ పనిని అప్పగించిన యువ ఇంజనీరు శ్రీధరన్. సముద్రంలో మునిగిన గర్డర్లను వెలికి తీయించి తిరిగి అమర్చి, 46 రోజులలో ఆయన పని పూర్తి చేయించారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో తర్వాతి అధ్యాయాలు. సముద్రంలోని గర్డర్లను ఎలా తీయాలన్న ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. అయితే ప్రశ్నపత్రానికి సిద్ధపడినప్పుడు అలవడిన క్రమశిక్షణ లేకుండా అటువంటి పని సాధ్యం కాదు.

ఏకీకరణ, దాని చిక్కులు

వేర్వేరు సర్వీసుల వలన నైపుణ్యం పెరిగింది. దానితోపాటు శాఖల మధ్య గోడలూ పెరిగినవి. డీజిల్ ఇంజన్లు ఒక శాఖ కింద, విద్యుత్ ఇంజన్లు మరొక శాఖ కింద ఉండడం వంటి ఏర్పాట్ల వలన పనికంటె పరిధి మీద వాదనలు హెచ్చినవన్న విమర్శ చాలా కాలంగా ఉన్నది. సర్వీసులను ఏకం చేయాలని 1994లో ప్రకాశ్ టాండన్ సంఘం, 2015లో బిబేక్ దేబ్‌రాయ్ సంఘం సూచించినవి. 2019 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎనిమిది సర్వీసులను కలిపి భారతీయ రైల్వే మేనేజ్‌మెంట్ సర్వీసుగా ఏర్పరచాలని నిర్ణయించింది. 2022 సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా ఆ సర్వీసుకు 150 పోస్టులు కేటాయించారు.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం తలెత్తింది. అందరూ ఒకే సాధారణ పరీక్ష ద్వారా వస్తే వంతెన బలాన్ని, సిగ్నల్ సర్క్యూటును క్షుణ్ణంగా తెలిసినవారు కావలసినంత మంది దొరుకుతారా? ఈ సందేహం ఊహాజనితం కాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ వద్ద మూడు రైళ్లు ఢీకొని 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ సర్క్యూట్ల మార్పు పనిలో జరిగిన లోపాలను దర్యాప్తు ఎత్తిచూపింది. ఒక తీగ ఎక్కడ కలపాలో, కలిపిన తర్వాత ఎలా పరీక్షించాలో తెలిసిన మనిషి, తెలియనప్పుడు ఆ సంగతి ఒప్పుకొనే మనిషి రైల్వేకు ఎంత అవసరమో ఆ దుర్ఘటన చెప్పింది.

కొంతకాలం తర్జనభర్జనల తర్వాత 2024లో ప్రభుత్వం మధ్యేమార్గాన్ని ఎంచుకొన్నది. సర్వీసు ఒక్కటే అయినా, ట్రాఫిక్, అకౌంట్స్, పర్సనల్ విభాగాలకు సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా, సాంకేతిక విభాగాలకు, స్టోర్స్‌కు ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్ష ద్వారా నియామకాలు చేయాలని నిర్ణయించింది. రైల్వే పోస్టులను చేర్చి అభ్యర్థులకు మరల అవకాశం ఇవ్వడం కోసం 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఇంజనీరింగ్ ప్రాథమిక పరీక్షను జూన్‌కు మార్చారు. ఈ మార్పుల నడుమ పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్న యువతీయువకుల వయస్సు మాత్రం ఆగదు. నియమాలు స్థిరంగా ఉండడం కూడా సమానావకాశంలో ఒక భాగమే.

భాష, గ్రామం, అవకాశం

రెండవ ప్రశ్న అందుబాటుకు సంబంధించినది. డి.ఎస్. కొఠారి సంఘం 1976లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1979 నుంచి సివిల్ సర్వీసుల పరీక్ష కొత్త రూపం దాల్చింది. రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో ప్రధాన పరీక్షకు సమాధానాలు రాసే వీలు కలిగింది. తెలుగులో చదివి, తెలుగులో ఆలోచించే అభ్యర్థి తన వాదాన్ని తెలుగులోనే వినిపించవచ్చు. వ్యక్తిత్వ పరీక్షలోనూ తెలుగులో మాట్లాడవచ్చు. అయినప్పటికీ సాధారణ విషయాల ప్రశ్నపత్రాలు ఆంగ్లంలో, హిందీలో మాత్రమే ఉంటాయి. ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు సమాధానాలు ఆంగ్లంలోనే రాయాలి. పలాసలోనో, పెద్దపల్లిలోనో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి తోటివారితో పరుగు మొదలుపెట్టకముందే కొంత దూరం నడిచి రావలసి ఉన్నది. నగరాలలోని శిక్షణ కేంద్రాల రుసుములు భరించలేని కుటుంబాలకు ఆ దూరం మరింత ఎక్కువ. అందుకే చిన్న ఊళ్లలోని గ్రంథాలయాలకు ఇంత ప్రాముఖ్యం. పాత ప్రశ్నపత్రాలు, ప్రామాణిక పాఠ్యగ్రంథాలు, దినపత్రికలు ఒక బల్ల మీద దొరికితే ఆ దూరంలో సగం తగ్గినట్లే.

మహిళల విషయంలోనూ దూరం తగ్గుతూ వస్తున్నది. 1940లలో మద్రాసు గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు చదివిన తెలుగు మహిళ అయ్యలసోమయాజుల లలిత తన ఆచరణాత్మక శిక్షణను జమాల్‌పూరు రైల్వే కర్మాగారంలో పొందారు. 2023 సెప్టెంబరు 1న జయవర్మ సిన్హా రైల్వే బోర్డుకు అధ్యక్షత వహించిన తొలి మహిళ అయ్యారు. సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా ట్రాఫిక్ సర్వీసులో చేరి ఆమె ఆ స్థానానికి ఎదిగారు.

పోటీ పరీక్ష ఒక్కటే తలుపు కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కింది స్థాయిలో చేరి, శాఖాపరమైన పరీక్షలలో నెగ్గి అధికారులైనవారు రైల్వేలలో ఎందరో ఉన్నారు. ఎండలో పట్టా వెంట నడిచిన అనుభవం వారికి పెట్టుబడి.

ఒకే పట్టా మీద

ఎంపికైనవారి శిక్షణ దేశపటం మీద ప్రయాణం వంటిది. వడోదరలోని అకాడమీ, సివిల్ ఇంజనీర్లకు పూణే, విద్యుత్ ఇంజనీర్లకు నాసిక్, మెకానికల్ ఇంజనీర్లకు జమాల్‌పూరు, రవాణా నిర్వహణకు లక్నో, సిగ్నల్, టెలికమ్యూనికేషన్లకు మన సికింద్రాబాదు. సికింద్రాబాదులోని ఆ సంస్థ 1957లో ఏర్పడింది. ఆ తరగతి గదులలో నాగాలాండ్ యువకుడు, నెల్లూరు యువతి ఒకే సిగ్నల్ పటం ముందు కూర్చుంటారు.

శిక్షణ ముగిసిన తర్వాత శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవారు అస్సాంలోని లుమ్డింగ్‌లో పని చేయవలసి రావచ్చు. పంజాబు నుంచి వచ్చినవారికి గుంతకల్లు దక్కవచ్చు. అర్ధరాత్రి వానలో పట్టాలు కాపలా కాసే ఉద్యోగి మాట అర్థం చేసుకోవడానికి ఆ అధికారి ఆతని భాషను నాలుగు మాటలైనా నేర్చుకుంటాడు. వంతెన దగ్గర నీళ్లు పెరుగుతున్నవన్న హెచ్చరిక మొదట ఆ భాషలోనే వస్తుంది. జాతీయ సమైక్యత అంటే వేదికల మీది మాట మాత్రమే కాదు. ఆ హెచ్చరికను వినగలగడం కూడా.

కాబట్టి ఈ పరీక్షలకు సిద్ధమయ్యేవారు జలశాస్త్రపు లెక్క చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగి మహబూబ్‌నగర్‌ను, అరియలూరును తలచుకోవడం మంచిది. ర్యాంకు ఒక రోజు పత్రికలో వస్తుంది. ఆ తర్వాత ముప్పది సంవత్సరాలకు పైగా ప్రతి రాత్రి, తమకు పేరైనా తెలియని అధికారి లెక్క సరిగా చేసి ఉంటాడన్న నమ్మకంతో లక్షలాది ప్రజలు బెర్తుల మీద నిద్రపోతారు. ఆ నిద్రకు భంగం కలగకుండా చూడడమే ఈ పరీక్షలో అసలైన ఉత్తీర్ణత.