ఏ తరగతికి ఏ పట్టము?

నంద్యాల జిల్లాలోని బేతంచెర్లలో నాపరాయి కోయువారు మొదట కొలత తీసికొందురు. పిమ్మటనే రాతిపై రంపము పెట్టుదురు. కోసిన రాయి మరల అతుకదు. ఉపాధ్యాయ వృత్తిని కోరు యువతీయువకులకును, వారి తల్లిదండ్రులకును మేము చెప్పదలచిన మాటయు అట్టిదే. ఏ తరగతి పిల్లలకు చదువు చెప్పవలెనో ముందుగా నిశ్చయించుకొని, పిదప పట్టమును ఎన్నుకొనవలెను.

బి.ఎడ్. ముగించినవారు ఏ బడిలోనైనను పనిచేయవచ్చునను నమ్మకము ఇంకను పెక్కు ఇండ్లలో కలదు. అది సరికాదు. ఒకటి మొదలు ఐదు వరకు గల తరగతులకు బి.ఎడ్. అర్హత చెల్లదని 2023 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చిన్నపిల్లల బోధనకు వలయు శిక్షణ అందులో లేదని న్యాయస్థానము భావించినది. ఆ తరగతులను కోరువారు ఇంటర్మీడియట్ పిమ్మట రెండేండ్ల డి.ఎల్.ఎడ్. చదువవలెను. బిడ్డను ఇంటిమాట నుండి బడిభాషకు మెల్లగా నడిపించుట ఒక ప్రత్యేక విద్య.

ఉన్నత పాఠశాలకు బి.ఎడ్. తగినది. 2015 నుండి ఇది రెండేండ్ల చదువు. డిగ్రీలో చదివిన విషయమును బట్టియే బోధనా విషయము లభించును. దానిని బట్టియే స్కూల్ అసిస్టెంటు ఉద్యోగము. కావున ఈ ఆలోచన డిగ్రీలో చేరునాడే చేయదగినది. పట్టము చేతికి వచ్చినను టెట్, డీఎస్సీ పరీక్షలు దాటవలెను. మన రాష్ట్రమున 2025లో 16,347 కొలువులకు జరిగిన డీఎస్సీలో టెట్ మార్కులకు నూటికి 20 వంతుల విలువ ఇచ్చిరి.

ఎం.ఎడ్. మాట వేరు. అది ముఖ్యముగా ఉపాధ్యాయులను తీర్చిదిద్దువారి చదువు, బి.ఎడ్. కళాశాలలలో బోధింపగోరువారికి అది అవసరము. బడిపిల్లల నడుమ ఉండదలచినవారు మరి రెండేండ్లును, ఇంటి ధనమును దానికై వెచ్చించుటకు ముందు ఆలోచింపవలెను. జూనియర్ కళాశాల అధ్యాపకత్వమును కోరువారికి తమ విషయమున ఎం.ఏ., ఎం.ఎస్సీ. వంటి పట్టమే ప్రధానము.

కళాశాలను ఎన్నుకొనునపుడు భవనములను గాక బోధనాభ్యాసమును విచారింపుడు. బి.ఎడ్. విద్యార్థి కనీసము 20 వారములు బడిలో గడపవలెనని 2014 నాటి జాతీయ నియమము. ఏ బడికి పంపుదురు? పాఠమును ఎవరు గమనించి తప్పొప్పులు చెప్పుదురు? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా బదులు రానిచోట చేరకుండుటయే మేలు. హాజరు లేకయే పట్టము ఇప్పింతుమనువారు మన రేపటి తరగతిని దోచుకొనుచున్నారు.

అభ్యాసమున్న ఉపాధ్యాయునికి ఊరే పాఠ్యపుస్తకము. నాపరాతి పొడిపై నిమ్మరసము పిండిన బుడగలు లేచును; ఆమ్లము తగిలి సున్నపురాతి నుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుటయే దానికి కారణము. చేరువనున్న బిలస్వర్గము గుహలలో 1880 దశకమున రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వించి పురాతన జంతువుల ఎముకలను వెలికితీసెను. రసాయనశాస్త్రమును, చరిత్రను ఇంటి గడప యొద్ద చూపగలుగుటయే శిక్షణకు ఫలము.

పట్టణములలో బడిపాఠము చాలనిచో ట్యూషను పెట్టింతురు. రాతిగనులలో పొద్దుగ్రుంకువరకు శ్రమించి వచ్చు తల్లిదండ్రులకు ఆ వీలు లేదు. వారి బిడ్డకు బడిలో పంతులుగారు చెప్పినదే చదువు. అది చక్కగా చెప్పుటకు తగిన చదువునే మనము చదువవలెను.