విమానం పొట్టలో కదలకూడనివి

రిమోటుతో ఎగిరే నమూనా విమానం పొట్ట విప్పితే కనిపించే సామాను కొంచెమే. బ్యాటరీ, సంకేతాలు అందుకునే రిసీవరు, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, రెక్కల్లోనూ తోకలోనూ కదిలే పలకల్ని తిప్పే సర్వోలు. అన్నిటినీ ఒకే తీరున బిగిస్తే కుదరదు. బ్యాటరీకి దాని బరువే శత్రువు. రిసీవరుకు అదురు, ఈఎస్‌సీకి వేడి, సర్వోకు వదులు.

మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ సుమారు 180 గ్రాములు తూగుతుంది. అది నేల మీది లెక్క. విమానం పల్టీ కొట్టేటప్పుడు ఐదు రెట్ల బలం పడితే అదే బ్యాటరీ 900 గ్రాముల బరువుతో పట్టీని గుంజుతుంది. బ్యాటరీ రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిగినా గరిమనాభి తోకవైపు పోతుంది. మామూలు విమానానికి గరిమనాభి రెక్క ముందంచు నుంచి, రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. అది దాటి గరిమనాభి వెనక్కి పోతే విమానం రిమోటు మాట వినదు.

అందుకే పొట్టలో ముందుగా సన్నటి ప్లైవుడ్ పలక ఒకటి అతికించి, దానికి రెండు చీలికలు పెట్టి, వాటిలోంచి పట్టీ తీయాలి. పలక మీద వెల్క్రో బ్యాటరీని జారనివ్వదు, పట్టీ పైకి లేవనివ్వదు. వెల్క్రో ఒక్కటే చాలదు. అది గట్టిగానే పట్టుకుంటుంది గానీ, బ్యాటరీ మీది పల్చటి ప్లాస్టిక్ తొడుగే ఊడి వస్తుంది. లైపో పొట్లం మెత్తనిది కాబట్టి పట్టీ దాన్ని నొక్కేయకూడదు, దగ్గర్లో స్క్రూ మొనలు ఉండకూడదు.

తిరువూరు దగ్గరి పెనుగొలను లాంటి ఊళ్ళో రన్‌వే అంటే వరి కోసిన మడే. కొయ్యకాళ్ల మీద పొట్టతో దిగే విమానానికి ప్రతి దిగుడూ ఓ చిన్న గుద్దుడే. గట్టుకు ముక్కు తగిలితే బ్యాటరీ ముందుకు దూకుతుంది. దాని ముందు గట్టి ఫోమ్ ముక్క ఒకటి అడ్డు పెడితే ఆ దెబ్బ మోటారు దాకా పోదు.

ఎండ సంగతి వేరు. మే నెలలో కారులో పెట్టిన విమానానికి గ్లూగన్ జిగురు మెత్తబడుతుంది. పొద్దున గట్టిగా ఉన్న సర్వో మధ్యాహ్నానికి ఊగుతుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు తెల్ల థర్మోకోల్‌ను తినేస్తుంది, ఫోమ్‌కు పనికొచ్చే రకమే వాడాలి. ఈఎస్‌సీని ఫోమ్‌లో పాతిపెట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. దాన్ని గాలి తగిలేచోట పెట్టాలి. గాలి లోపలికి వచ్చే రంధ్రం కన్నా బయటికి పోయే రంధ్రం పెద్దదిగా ఉండాలి.

సర్వోను చెక్కలో బిగించేటప్పుడు రబ్బరు గ్రోమెట్లలోకి ఇత్తడి గొట్టాలు కింది నుంచి దూర్చాలి. వాటి వెడల్పు అంచు చెక్కకు ఆనాలి. అప్పుడు స్క్రూ ఎంత తిప్పినా రబ్బరు నలగదు, అదురును పీల్చుకునే గుణం పోదు.

రిసీవరును మెత్తటి ఫోమ్ టేపు మీద పెట్టడం మంచిది. నూనె ఇంజను విమానమైతే రిసీవరును స్పాంజిలో చుట్టాలి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 160 సార్లకు పైగా అదురుతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నమూనా విమానం కంటికి కనపడేంత దూరంలోనే ఎగరాలి. ఆ కొద్ది దూరంలోనే సంకేతం తెగిందంటే తరచుగా తప్పు రిసీవరు యాంటెన్నాదే. 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నా చివర పనిచేసే తీగ మూడు సెంటీమీటర్లే. అది వంగకూడదు, బ్యాటరీకీ కార్బన్ కడ్డీలకూ ఆనుకోకూడదు. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి లంబంగా ఉండాలి. మోటారు వైర్లకు ఎడంగా ఉంచడం మరీ ముఖ్యం. కొన్ని డ్రోన్లలో పుల్లలాంటి స్తంభం చివర జీపీఎస్ నిలబడేదీ ఆ వైర్లకు దూరంగా ఉండాలనే.

వైర్లు బిగుతుగా లాగకుండా కాస్త వదులు వదిలి, అతుకుల్ని దారంతో కట్టేయాలి. ఎగరేసే ముందు విమానాన్ని తలకిందులు చేసి ఊపితే లోపల చప్పుడు రాకూడదు. బ్యాటరీ అంచు వెంట పలక మీద పెన్సిలు గీత గీసి ఉంచితే, మొదటిసారి దిగగానే మూత తీసి చూడొచ్చు. బ్యాటరీ ఆ గీత దాటి ఉంటే పట్టీ మార్చాకే రెండోసారి ఎగరేయాలి.