ఇల్లు దొరకని బిడ్డ



ఇచ్ఛాపురం నుండి బొబ్బిలి దాకా పొట్టకూటికై వలస వెళ్ళేవారిని మనం ఎరుగుదుము. ఇల్లు దొరకక దేశం దాటే పసిబిడ్డలను గురించి తలచినామా? శిశుగృహానికి చేరిన బిడ్డకు గ్రహణమొర్రియో, వినికిడి లోపమో ఉన్నదనుకొనండి. దత్తత కోరే మన దంపతులలో అత్యధికులు ఆరోగ్యవంతమైన పసికందునే అడుగుతారు. తుదకు ఆ బిడ్డను ‘కారా’ అనే కేంద్ర సంస్థ ద్వారా, మన భాష ఎరుగని విదేశీయులు వచ్చి హత్తుకొంటున్నారు. (గ్రహణం చూసినందుకే మొర్రి వచ్చిందని తల్లిని నిందించేవారు మనలోనూ ఉండడం విచారకరం.)

“మన ధర్మంలో దత్తత లేదు” అని మనం తప్పుకొంటున్నాము. అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ వారించినది కన్నతండ్రి పేరును చెరపడాన్ని, పోషణను కాదు. జైద్ (రజి) మరల హారిసా కుమారుడని పిలువబడ్డారు, దైవప్రవక్త (స) వారి వాత్సల్యం మాత్రం తరగలేదు. పెంచిన బిడ్డకు వారసత్వం రాకున్నా, ఆస్తిలో మూడవ వంతు వరకు వీలునామా వ్రాయవచ్చును.

2015 నాటి బాలన్యాయ చట్టం 44వ సెక్షన్‌లో, దత్తత కాకుండానే బిడ్డను ఇంట పెంచే ‘పోషణ సంరక్షణ’ ఉన్నది. మన కఫాలాకు అది సమీపమైనది. శ్రీకాకుళం, విజయనగరాలలోని జిల్లా బాలల సంరక్షణ విభాగాలలో విచారించండి. లోపమున్న బిడ్డ అయినా సమ్మతమేనని ముందుగానే చెప్పండి.