ఫాల్మౌత్ రేవులో ఒక్క పూట
(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకు వస్తుంది. 1982లో ఈ రోజునే సుప్రీంకోర్టు, పెన్షను అనేది యజమాని దయతో పెట్టే భిక్ష కాదని తీర్పు చెప్పింది. ఏటా దాని గురించీ, రావలసిన బకాయిల గురించీ మాట్లాడుకుంటాము. ఈసారి మన కార్యదర్శిగారు నా దగ్గరకు వచ్చి, "సార్, మీరు ఓడ ఎక్కి జమైకా పోయొచ్చిండ్రట గదా, గది చెప్పుండ్రి. మా పిల్లలు గూడ రమ్మంటున్నరు" అన్నారు. కాబట్టి నేను గొప్ప చెప్పుకోవడానికి నిలబడలేదని మనవి. పిలుపు వచ్చినవారికి పనికొచ్చే నాలుగు మాటలు, నేను చేసిన ఒక తప్పు, ఇంతే నా దగ్గర ఉన్న సరుకు.

నేను 1974లో ఎల్లారెడ్డి తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరినవాణ్ణి. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు ఫైళ్ల కట్టలు మోసినవారిలో ఒకణ్ణి. 2009లో పదవీ విరమణ చేశాను. నీళ్లంటే నాకు తెలిసినవి పోచారం, నిజాంసాగరు. సముద్రం ఒక్కసారి తిరుపతి పోయినప్పుడు మద్రాసులో చూశాను. అటువంటివాణ్ణి 2023 జూన్‌లో మా అబ్బాయి, మనుమలకు బడి సెలవులని చెప్పి, ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో పెద్ద ఓడ ఎక్కించాడు. ఏడు రాత్రుల ప్రయాణం. మన మండలంలో రెండు మూడు ఊళ్ల జనం అంతా ఒకే ఓడలో ఉన్నారనుకోండి. ఆ ఓడ ఆగే రేవుల్లో ఒకటి జమైకా దేశపు ఉత్తర తీరాన ఉన్న ఫాల్మౌత్.

టికెట్లు కొన్నాడని తెలిసిన రోజే నేను ఒక ఫైలు తెరిచాను. మా ఆవిడ నవ్వింది. పాత అలవాటు పోతుందా! ఎడమవైపు నోట్‌షీటు, కుడివైపు కాగితాలు. మొదటి కాగితం వీసా సంగతి. ఓడ అమెరికా నుంచి బయలుదేరి మళ్లీ అమెరికాకే వస్తుంది గనుక ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా అయితే తిరిగి దిగనివ్వరు. పలుమార్లు ప్రవేశించే వీసా ఉండవలెను. తాకే ప్రతి దేశానికీ మన భారతీయ పాస్‌పోర్టు విషయంలో వేరువేరు నిబంధనలు ఉంటాయి, అవి మారుతూ ఉంటాయి. అబ్బాయి స్నేహితుడు చెప్పాడని నమ్మవద్దు, ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెండో కాగితం బీమా. మూడోది మందుల చీటీ, జనరిక్ పేర్లతో. మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. నవంబరులో వెళ్లేవారు లైఫ్ సర్టిఫికెట్ సంగతి ముందే చూసుకోవాలని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయం, రేవులో గడిపే పూట. ఓడ ఫాల్మౌత్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటుందని కాగితం మీద ఉంది. ఎనిమిది గంటలు కదా అని మావాళ్లు పెద్ద పెద్ద పథకాలు వేశారు. నేను టి.ఏ. బిల్లు తనిఖీ చేసినట్టు లెక్క వెనుక నుంచి మొదలుపెట్టాను. ఓడ కదిలేది 5కు, కానీ అందరూ లోపల ఉండవలసిన వేళ 4:30. దాన్ని వాళ్లు ఆల్ అబోర్డ్ అంటారు. రేవు గేటు దగ్గర తనిఖీ, ఆ పొడవాటి వంతెన మీద నడక, మా ఆవిడ మోకాళ్లు, వీటన్నిటికీ ముప్పావు గంట. అంటే 3:45కల్లా గేటు దగ్గర ఉండాలి. పొద్దున 9కి తలుపు తెరిచినా వేలమంది దిగేవాళ్లు, మనం నేల మీద కాలు పెట్టేసరికి పది. మధ్యాహ్నం భోజనం, మాత్రలు, కాసేపు నీడన కూర్చోవడం ఒక గంటన్నర. మిగిలింది నాలుగు గంటల పైచిలుకు. మన వయసువారికి రేవు పూట అంటే ఇంతే.

మనుమడు డన్స్ రివర్ జలపాతం ఎక్కుదాం తాతా అని పట్టుబట్టాడు. ఆరు వందల అడుగుల మేర పారే నీళ్లలో, రాళ్ల మీద, ఒకరి చేయి ఒకరు పట్టుకొని పైకి ఎక్కడం. చాలా ప్రసిద్ధి. అది ఓచో రియోస్ పట్నం దగ్గర ఉంది, ఫాల్మౌత్ నుంచి అరవై కిలోమీటర్ల పైన. పోను రాను రెండు గంటలకు తగ్గదు. పైగా అబ్బాయి బయటి టాక్సీ మాట్లాడితే సగం డబ్బులే అన్నాడు. ఇక్కడ నేను అడ్డు చెప్పాను. ఓడవాళ్లే అమ్మే విహారానికి డబ్బు ఎక్కువ, నిజమే. అయితే వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మన సొంత టాక్సీ దారిలో పంక్చరైతే ఓడ ఆగదు. తరువాతి రేవుకు మన ఖర్చుతో మనమే విమానంలో చేరుకోవాలి. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. కోడలు మధ్యవర్తిత్వం చేసి, జలపాతం మరోసారి అని వాడికి నచ్చజెప్పింది.

చివరికి ఎంచుకున్నది మార్తా బ్రే నది. ఫాల్మౌత్‌కు దగ్గరే, బస్సెక్కి కూర్చున్నామో లేదో దిగండి అన్నారు. అక్కడ సుమారు ముప్పై అడుగుల వెదురు తెప్పలు ఉంటాయి. ఒక్కో తెప్ప మీద వెనుక ఇద్దరు కూర్చునే బెంచీ, ముందు నిలబడి గడకర్రతో నడిపే మనిషి. మూడు మైళ్ల దూరం గంటకు పైగా నెమ్మదిగా పోతుంది. ఎక్కేటప్పుడు నాలుగు మెట్లు, అంతకు మించి కష్టం లేదు. మా ఆవిడ, "ఇదేందండి, మంజీరల పుట్టి ఎక్కినట్టే ఉంది గని, కూసునుటానికి బెంచి ఏసిండ్రు" అంది. రెండువైపులా వెదురు పొదలు, పచ్చటి నీడ. అలిగిన మనుమడు, పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ పుట్టిన షేర్‌వుడ్ కంటెంట్ అనే పల్లె కూడా ఈ ట్రెలానీ జిల్లాలోనే అని తెప్ప నడిపే ఆయన చెప్పేసరికి, అలక మరచి ఆయన్ను వంద ప్రశ్నలు అడిగాడు.

ఒంటిగంటన్నరకు తిరిగి వచ్చాం. పిల్లలకు ఆకలి. అబ్బాయి, కోడలు వాళ్లను తీసుకొని ఓడలోకి పోయారు. నేను మా ఆవిడతో కలిసి ఊరు చూసి వస్తానన్నాను. ఇక్కడిదాకా ఫైలు ప్రకారమే నడిచింది.

ఫాల్మౌత్ 1769లో వెలసిన ఊరు. చెరకు తోటల యజమానులు పంచదార, రమ్ము ఎగుమతి చేయడానికి కట్టుకున్న రేవు. ఆనాటి ఇంగ్లీషు పద్ధతి ఇళ్లు ఇంకా వీధుల్లో ఉన్నాయి. నడిబొడ్డున వాటర్ స్క్వేర్ అనే కూడలి. మార్తా బ్రే నీళ్లను తెచ్చి 1799లోనే ఈ ఊరికి గొట్టాల ద్వారా ఇచ్చారనీ, న్యూయార్కుకన్నా ముందనీ అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ తోటల్లో పనిచేసింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. విలియం నిబ్ అనే పాద్రీ వారి పక్షాన నిలిచినవాడు. 1838 ఆగస్టు 1న పూర్తి విముక్తి వచ్చినప్పుడు బానిస సంకెళ్లను ఈ ఊళ్లో పెట్టెలో పెట్టి పూడ్చారు. ఆ తరువాత తోటలకు కూలీలు కావలసివచ్చి ఓడలు మన దేశం వైపు చూశాయి. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేలో దింపింది. 1917 దాకా ముప్పైఆరు వేలమందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొందరు మన మద్రాసు నుంచి. మన మంబోజిపల్లి ఫ్యాక్టరీ వాకిట చెరకు బండ్ల మీద రాత్రంతా కూర్చున్నవాళ్లు ఈ సభలో ఉన్నారు. అదే చెరకు మిత్రులారా, అంత దూరం మనుషులను ఓడ ఎక్కించింది.

కూడలి పక్కన ఒక చిన్న దుకాణం. లోపల కూర్చున్న పెద్దమనిషి ముఖం చూస్తే మన బాన్సువాడ బజారులో కిరాణా సేటులా ఉన్నాడు. మీరు ఇండియా నుంచా అని ఇంగ్లీషులో ఆయనే అడిగాడు. వాళ్ల ముత్తాత ఓడలో వచ్చాడట. ఏ ఊరని అడిగాను. "కలకత్తా" అన్నాడు. కలకత్తా ఓడ ఎక్కిన రేవు కదా, ఊరు ఏది అన్నాను. ఆయనకు తెలియదు. వాళ్ల నాన్నకూ తెలియదు. కామారెడ్డి కలకత్తాకు దగ్గరా అని నన్ను అడిగాడు. ఏమని చెప్పను?

అప్పుడు నాకు తెలిసిన సంగతి చెప్పాను. ఓడ ఎక్కించేముందు ప్రతి కూలీకి ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలాగే! దాన్ని రాసింది కూడా మనలాంటి గుమాస్తానే. వాడు సరిగా రాసి ఉంటే, ఆ కాగితం దొరికితే, ఆయన ఊరు దొరుకుతుంది. వాడు విసుగుతో పేరులో ఒక అక్షరం తప్పు రాసి ఉంటే దొరకదు. నా సీటు ముందు నిలబడి "సార్, మా నాయిన పేరు తప్పు పడ్డది" అన్నవాళ్లను నేను రేపు రా అని పంపిన రోజులు ఉన్నాయి. ఆ మాట ఆయనకు చెప్పలేదు గాని, మీకు చెబుతున్నాను. జమైకా ప్రభుత్వ పాత రికార్డులు స్పానిష్ టౌన్‌లో ఉంటాయని చెప్పాను. అక్కడ అడగమని, ఏమేమి అడగాలో ఒక కాగితం మీద అర్జీ నమూనా రాసి ఇచ్చాను. ఆయన భార్య లోపలి నుంచి కలలూ అనే కూర తెచ్చి రుచి చూడమంది. తింటే అచ్చంగా మన తోటకూర!

అర్జీ రాస్తూ ఫోను చూశాను, 3:10. చాలా వ్యవధి ఉంది అనుకున్నాను. మా ఆవిడ లేచి నిలబడింది. "గా ఫోను పక్కకు పెట్టుండ్రి. నాలుగు దాటి పది నిమిషాలైంది" అంది. ఆమె చేతికి మా పెళ్లినాటి హెచ్.ఎం.టి. గడియారం. జరిగింది ఏమిటంటే, ఎండాకాలంలో ఫ్లోరిడాలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, జమైకాలో జరపరు. మా ఓడ ఫ్లోరిడా సమయం మీదే నడుస్తోంది. ఒడ్డున దిగగానే నా ఫోను దానంతట అదే జమైకా సమయానికి మారింది. చావి ఇచ్చే గడియారం మారలేదు. ఫైలులో నేను అన్నీ రాశాను, ఈ ఒక్క ముక్క రాయలేదు!

ఇరవై నిమిషాలు. ఆమె మోకాళ్లతో పరుగు కుదరదు. ఆ దుకాణదారే వీధిలోకి వచ్చి ఎర్ర నంబరు ప్లేటు ఉన్న టాక్సీని ఆపాడు. అక్కడ అనుమతి ఉన్న టాక్సీలకు ఎర్ర ప్లేటు ఉంటుంది, మిగతావి ఎక్కకూడదు. రేవు పక్కనే అయినా కూడలి దగ్గర బస్సులు అడ్డం. గేటు దగ్గర దిగి, వంతెన మీద ఆమెను చక్రాల కుర్చీలో తోసింది ఎవరో ఓడ ఉద్యోగి, కేరళ అబ్బాయి. "అమ్మా, భయపడకండి" అని తెలుగులోనే అన్నాడు. హైదరాబాదులో చదివాడట. 4:26కు లోపల అడుగు పెట్టాం. మా అబ్బాయి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో మా ఇద్దరి పాస్‌పోర్టులు ఉన్నాయి. మేము రాకపోతే మాకోసం దిగిపోదామని తెచ్చుకున్నాడు. ఒక్క మాట అనలేదు. భోజనాల దగ్గర మాత్రం, "బాపూ, నన్ను టాక్సీ వద్దన్నది నువ్వే గదా" అన్నాడు. జవాబు లేదు. ఉంటే కదా చెప్పడానికి.

మరికొన్ని చిన్న సంగతులు. అమెరికా డాలర్లు అక్కడ తీసుకుంటారు, చిల్లర మాత్రం జమైకా డాలర్లలో ఇస్తారు. ఒక అమెరికా డాలరుకు నూట యాభైకి పైగా వస్తాయి, లెక్క చూసుకోండి. శాకాహారులు ఐటల్ వంట అని అడగండి, అక్కడి రాస్టఫారీ మతస్థుల భోజనం, మాంసం ఉండదు. ఓడలోని పండ్లు ఒడ్డుకు తేకూడదు. రోడ్డు పక్కన గంజాయి కొనమని అడుగుతారు. ఆ పేరూ, ఆ అలవాటూ మన కూలీలతోనే అక్కడికి పోయాయని చెబుతారు. నవ్వి నడవండి. ఓడలోకి తెస్తే కేసు అవుతుంది.

ఈ ఏడాది ఆగస్టు చివర మన పోచారం మీదుగా నీళ్లు ఎలా దూకాయో మీరందరూ చూశారు. 1922లో పూర్తయిన కట్ట నిలిచిందా లేదా అని రాత్రంతా మేలుకున్నాం. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 28న, మెలిస్సా తుఫాను జమైకా పడమటి భాగాన్ని ఛిద్రం చేసింది. టీవీలో ట్రెలానీ పేరు వినగానే మా ఆవిడ, "ఆ కూరమ్మ ఇల్లు ఉందో లేదో" అంది. నేను ఆయన ఫోను నంబరు తీసుకోలేదు. అర్జీ నమూనా మీద నా చిరునామా రాయడం మరిచాను. ఇప్పుడు వెళ్లదలచినవారు ఏ చోట్లు తెరిచి ఉన్నాయో, తెప్పలు నడుస్తున్నాయో లేదో ముందుగా కనుక్కొని పోండి.

మా అబ్బాయి వచ్చే వేసవికి మళ్లీ అడుగుతున్నాడు. ఫైలు తెరిచాను. నోట్‌షీటు మొదటి పేరాలో ఓడ సమయం, ఒడ్డు సమయం అని రెండు గళ్లు గీశాను, పక్కన మా ఆవిడ సంతకం తీసుకున్నాను. నమూనా కావలసినవారికి మన కార్యాలయంలో జిరాక్సు ప్రతులు ఉంచాను.