యంత్రశాలలో గిటారు: పనితనము, పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభా ప్రసంగ పాఠము)



బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లి గ్రామమున వీణలు చేయు శిల్పి పనస మ్రానును తట్టి చూచి, దాని నాదము విని, పిమ్మట గాని ఉలి పట్టడు. కుండ తొలిచినను, దండి చెక్కినను, బిరడలు అమర్చినను ఆ వీణ కడవరకు ఆయన కన్నుల యెదుటనే యుండును. తుదకు మెట్లను మైనముపై నిలిపి, ఒక్కొక్క స్వరమును చెవితో విని, వెండ్రుకవాసి ఇటునటు జరిపి మేళము కట్టుట జరుగును. తప్పున్నచో ఆ తప్పు ముందుగా పనివారి చెవికే వినబడును. మైనము మెత్తనిది గనుక దిద్దుకొనుటకును వీలు కలదు.

కర్మాగారమున పుట్టు గిటారునకు ఈ సౌకర్యము లేదు. దానిని పదులకొలది చేతులు తాకును. పలక కోసినవాడు తంతి బిగించిన పిమ్మట దాని ధ్వనిని వినడు. మెట్టు దిగగొట్టినవాడు దానిని కొన్న బాలుని చూడడు. ఆ మెట్లు లోహపు తీగలు. దండిలో కోసిన గాళ్లయందు బిగించబడినవి. ఒకసారి బిగిసిన పిమ్మట జరుగవు. కనుక అచ్చట శిల్పి చెవికి బదులుగా కొలత, కొలతకు తోడుగా పరీక్ష కావలసియున్నవి. ఈ ఏర్పాటునకే నాణ్య నియంత్రణమని పేరు.

ఇది కర్మాగారము వారికి మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. ఒక కుటుంబము కష్టార్జితముతో చౌకధర గిటారును కొని పిల్లవానికిచ్చినదనుకొందము. వాడు వ్రేళ్లు కందిపోవునట్లు సాధన చేయును. గురువు చూపినచోటనే నొక్కును. అయినను స్వరము కలియదు. అంతట ఇంటివారు వానికి సంగీతము అబ్బదని నిశ్చయింతురు. వాడును నమ్మి వాద్యమును మూలకు చేర్చును. తప్పు వాని చెవిలో లేదు, మేరువు గాళ్ల లోతులో ఉన్నది! గాలు మిల్లీమీటరులో కొంతభాగము తక్కువ లోతుగా కోసినందున తంతి మొదటి మెట్టుపై మిక్కిలి ఎత్తున నిలిచినది. నొక్కినప్పుడు సాగి హెచ్చు స్వరము పలికినది. అరగంట పనితో తీరు దోషమునకు ఒక బాలుని సంగీతము బలియైనది.

గిటారు మెట్ల లెక్క సులభమైనదే. తంతి పొడవును సగము చేసిన పైస్థాయి స్వరము పలుకును. ఆ స్థాయిని 12 సమభాగములుగా విభజింపగా ఒక్కొక్క మెట్టునకు 1.0595 అను నిష్పత్తి వచ్చును. తంతి పొడవు 648 మిల్లీమీటర్లైనచో మొదటి మెట్టు మేరువునకు 36.4 మిల్లీమీటర్ల దూరమునను, 12వ మెట్టు సరిగా 324 మిల్లీమీటర్ల దూరమునను ఉండవలెను. ఆ 12వ మెట్టు ఒక్క మిల్లీమీటరు తప్పినను ఆ స్వరము అర్ధస్వరములో ఇంచుమించు ఇరువదవ వంతు తొలగును. చక్కని చెవి గలవారికి ఆ భేదము తెలియును. రంపపు ఇరుసు కొంచెము వదులైనచో ఆ దినమున వెడలిన దండులన్నియు ఒకే తప్పుతో వెడలును. చేతిపనిలోని తప్పు ఒక్క వాద్యమునకు పరిమితము; యంత్రపు తప్పు వేయి వాద్యములకు వ్యాపించును.

రెండవది బలము. ఆరు ఉక్కుతంతులు కలిసి దండిని సుమారు 70 కిలోల బలముతో లాగుచుండును. నిండు బియ్యపు బస్తా రాత్రింబవళ్లు వ్రేలాడుచున్నట్లే! ఆ లాగుడునకు దండి వంగకుండుటకై దానిలో ఉక్కు కడ్డీని ఇమిడ్చి, అవసరమైనప్పుడు మరతో బిగించు పద్ధతిని అమెరికాలోని గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ కనుగొనగా, 1923లో దానికి పేటెంటు లభించినది. ఉక్కుతంతుల గిటార్లలో నేడు ఇట్టి కడ్డీ సామాన్యమైనది.

మూడవది తేమ. కొయ్య కొట్టివేసిన పిమ్మటను గాలిలోని తేమను పీల్చును, విడుచును. కొయ్యను చక్కగా ఆరబెట్టి, వాద్యము తయారగు గదిలో గాలితేమను నూటికి 45 మొదలు 50 వరకు నిలుపుట మంచి కర్మాగారముల ఆచారము. పచ్చికొయ్యతో తొందరపడి చేసిన గిటారు మొదటి వేసవిలోనే తన గుట్టు బయటపెట్టును. దండి కుంచించుకొనిపోగా మెట్ల కొనలు ప్రక్కకు పొడుచుకొని వచ్చి చేతిని గీరును. రాయలసీమ ఎండలలో ఇట్లుండగా, కోస్తా వానకారు తేమలో పైపలక ఉబ్బి తంతులు పైకి లేచును. కర్మాగారమున సరిగానున్న వాద్యము ఊరు మారినంతనే మారుటకు కారణమిదియే.

ఈ పరిశ్రమ చరిత్రయు తెలిసికొనదగినది. 1833లో జర్మనీ నుండి అమెరికా చేరిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ తన దుకాణమున గిటార్లు చేసెను. ఆ వంశమువారి సంస్థ పిమ్మట పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో పెద్ద కర్మాగారమైనది. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయుచుండిన లియో ఫెండర్ మరియొక త్రోవ త్రొక్కెను. 1950 ప్రాంతమున ఆయన చేసిన విద్యుద్గిటారులో దండిని జిగురుతో అతికింపక మరలతో బిగించెను. దండి చెడినచో దండినే మార్చవచ్చును. యంత్రశాలకు తగిన వాద్యమిదియే. 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కొక్క తంతికి గుర్రమును వేరువేరుగా జరుపు ఏర్పాటు కలదు. కొలతలో మిగిలిన చిన్న లోపమును వాదకుడే దిద్దుకొనునట్లు ముందుగానే ఆలోచించుట మెచ్చదగినది.

1965లో ఫెండర్ సంస్థను సి.బి.ఎస్. అను ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఉత్పత్తి విశేషముగా పెరిగినది. 1970 దశకపు వాద్యములలో దండి అతుకునందు సందులుండుట, బరువు హెచ్చుట మున్నగు దోషములను వాదకులు ఎత్తిచూపిరి. 1971లో నాలుగు మరల స్థానమున మూడు మరలు వచ్చినవి. రంధ్రములు వదులైనచోట దండి ప్రక్కకు జరుగుచుండెను. మూడు మరలే దోషమనుట న్యాయము కాదు. రంధ్రమును మరకు సరిపడ తొలిచినచో మూడును నిలుచును. తొలువనిచో నాలుగును నిలువవు. తుదకు 1985లో ఆ సంస్థలోని ఉద్యోగులే కొందరు దానిని కొని, క్రొత్త కర్మాగారమున కొలది వాద్యములతో పని తిరిగి ప్రారంభించిరి.

గిబ్సన్ కథయు ఇట్టిదే. మిచిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణములోని పాత కర్మాగారమును 1984లో మూసివేసి, పని అంతయు దక్షిణాదిని నాష్‌విల్‌కు తరలించిరి. ఊరు విడువని కొందరు పనివారు 1985లో అదే భవనమున హెరిటేజ్ అను పేర గిటార్లు చేయసాగిరి. యంత్రములను బండ్లపై తరలింపవచ్చును గాని, దశాబ్దుల అభ్యాసముతో వ్రేళ్లకు పట్టిన నేర్పు బండి యెక్కి రాదు.

ఇక నియంత్రణమనగా నేమి? వాద్యము తయారైన పిమ్మట ఒకడు కూర్చుండి మంచిచెడ్డలు వేరుచేయుట చాలదు. ఒక గిటారు 50 మెట్టుల పనిచే పూర్తియగుననియు, ప్రతి పనియు నూటికి 99 పాళ్లు సరిగా జరుగుననియు అనుకొందము. వినుటకు ఘనముగానే ఉన్నది! కాని లెక్క కట్టినచో ఏ తప్పును లేక బయటపడు గిటార్లు నూటికి 60 మాత్రమే. ప్రతి పనియు వేయింటికి 999 పాళ్లు సరియైనచో ఆ సంఖ్య 95కు పెరుగును. కనుక తప్పును కడపట పట్టుటకంటె పుట్టినచోటనే ఆపుట మేలు. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ ఈ దృష్టితోనే నియంత్రణ పటమును రూపొందించెను. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ జపానుకేగి అచ్చటి పారిశ్రామికులకు ఈ విద్యను బోధించెను. ఆ దేశమున మట్సుమోటో పట్టణమందు 1960లో స్థాపితమైన ఫూజిగెన్ మొదలగు కర్మాగారములు గిటారు పనిలో కీర్తి గడించెను. 1982లో ఫెండర్ సంస్థయే జపానులో తన పేర గిటార్లు చేయించుటకు ఏర్పాటు చేసికొన్నది. ఒకనాడు అనుకరణమని పరిహసింపబడిన పనియే మూలము వారికి ఆధారమైనది.

నేడు కంప్యూటరు నడుపు కోతయంత్రములు దండులను చెక్కుచున్నవి. బెర్లిన్ నగరమున పుట్టిన ప్లెక్ యంత్రము తంతులు బిగించియుండగనే మెట్ల ఎత్తును కొలిచి, మిల్లీమీటరులో నూరవవంతుల లెక్కన అరగదీయును. అందుచే చౌక గిటారు సైతము పూర్వముకంటె మేలైనది. అయినను ధర తగ్గించునప్పుడు మొదట కోతపడునది సాధారణముగా కడపటి సవరణయే. మేరువు గాళ్లు, మెట్ల కొనలు, తంతుల ఎత్తు అను ఈ మూటికి మనుష్యుని చేయి, కాలము రెండును కావలెను.

కావున కొనువారు తామే పరీక్షకులు కావలెను. దండిని బాణమువలె కంటికి సమముగా పట్టి వంకర యున్నదేమో చూడవలెను. దండి అంచుల వెంట చేయి నడపి, మెట్ల కొనలు గీరుచున్నవేమో తెలిసికొనవలెను. ఒక్కొక్క తంతిని ప్రతి మెట్టుపైనను మీటి, ఎచ్చటనైనను జరజర మ్రోయుచున్నదేమో వినవలెను. 12వ మెట్టుపై తంతిని తేలికగా తాకి మీటిన స్వరమును, అచ్చటనే నొక్కి మీటిన స్వరమును పోల్చవలెను; రెండును ఒక్కటిగా పలుకవలెను. గుర్రము అడుగున సన్నని కాగితము దూరినచో అతుకు లేచుచున్నదని గ్రహింపవలెను. ఈ పరీక్షలకు పావుగంట చాలును, సంగీత పాండిత్యము అక్కరలేదు. దోషము చిన్నదైనచో నేర్పరిచే దిద్దించుకొనవచ్చును. దండి మెలితిరిగినచో ఆ వాద్యమును విడచుట మేలు.

సాధన చేయు బాలుని నిందించుటకు ముందు వాని చేతిలోని వాద్యమును పరీక్షించుట పెద్దల ధర్మము. శిల్పి చెవి వినని దానిని కొనువాని చెవి వినవలెను. అట్టి వినికిడికి తోడైన తెలివిని 25 సంవత్సరములుగా ఊరివారి ముంగిటకు తెచ్చిన ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!