కంబుజదేశపు కట్టలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన రైల్వే గుమాస్తాను. పండితులున్న సభలో చరిత్రను గూర్చి మాట్లాడే అర్హత నాకు లేదు. అయినా కార్యదర్శిగారు ఏదో ఒకటి చెప్పవలసిందేనని పట్టుబట్టారు. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: మట్టికట్ట, వాన. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లానుండి ఈ ఒడిశాకు వచ్చి, రైలుకట్టమీద గ్యాంగుమనిషిగా పనిచేశారు. వానాకాలపు రాత్రులలో లాంతరు పట్టుకొని కట్టవెంట నడిచేవారు. ఎక్కడ మట్టి జారినదో, ఏ తూము పూడినదో చూచి చెప్పడం ఆయన పని. నేడు ఆ గస్తీ లెక్కలు నేను రిజిస్టరులో వ్రాస్తున్నాను. అందుచేతనే కంబుజదేశాన్ని గురించి చదివినప్పుడు గుడిగోపురాలకంటె ముందు అక్కడి కట్టలు నన్ను ఆకర్షించినవి.

కంబుజదేశమంటే నేటి కంబోడియా. అంకోర్‌వాట్ దేవాలయాన్ని మీరందరూ బొమ్మలలో చూచే ఉంటారు. 12వ శతాబ్దం పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన గుడి అది. చుట్టూ ఉన్న అగడ్త వెడల్పే 190 మీటర్లు. కాని ఆ గుడి ఒక్కటే చూచి వచ్చినవాడు, ఇంజను చూచి రైలుమార్గమంతా చూచాననుకొన్నవాని వంటివాడు. ఖ్మేరు ప్రజల అసలు ఘనకార్యం, ఆ చుట్టుపట్ల సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల నేలను తమ అవసరానికి తగినట్లు దిద్దుకోవడం.

ఆ నేల స్వభావం ముందు మనవి చేస్తాను. ఉత్తరాన కూలేన్ కొండలు. దక్షిణాన టోన్లే సాప్ అనే మహాసరస్సు. నడుమ కొద్దికొద్దిగా వాలుతూ పోయే మైదానం. వానాకాలంలో మెకాంగు నది పొంగి, సరస్సునుండి రావలసిన ఏరు వెనుకకు తిరిగి సరస్సులోకే పారుతుంది. అప్పుడు సరస్సు నాలుగైదింతలు అవుతుంది. తరువాత నెలల తరబడి చినుకు ఉండదు. అంటే ఒకప్పుడు మునక, మరొకప్పుడు ఎండుడు.

802లో రెండవ జయవర్మ ఆ కొండలమీదనే, మహేంద్రపర్వతంపై, చక్రవర్తిగా ప్రకటించుకొన్నాడని తరువాతి శాసనం ఒకటి చెబుతున్నది. 877లో పట్టానికి వచ్చిన ఇంద్రవర్మ 3.8 కిలోమీటర్ల పొడవున ఇంద్రతటాకం నిర్మింపజేశాడు. ఆయన కుమారుడు యశోవర్మ నిర్మించిన యశోధరతటాకం పొడవు ఏడున్నర కిలోమీటర్లు. 11వ శతాబ్దంలో కట్టిన పడమటి చెరువు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు. అందులో నేటికీ నీరున్నది. తటాకమన్న మాట మనదీ వారిదీ ఒక్కటే. ఉభయులకూ సంస్కృతంనుండి వచ్చినదే.

ఈ చెరువులను గోతులుగా త్రవ్వలేదు. చదును నేలమీద నాలుగువైపులా మట్టికట్టలు లేపి, కొండవాగులను కాలువలద్వారా మళ్ళించి నింపారు. అందువలన చెరువులోని నీరు పొలాలకంటె ఎత్తున నిలుస్తుంది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఏ యంత్రమూ లేకుండా అది తనంత తానే క్రిందికి పారుతుంది.

రాజులు చేసినదే ప్రజలూ చిన్న ఎత్తున చేశారు. చెరువు త్రవ్విన మన్ను ప్రక్కనే పోసి, ఆ మెరకమీద ఇళ్ళు వేసుకొన్నారు. ఇళ్ళ నడుమ చిన్న గుడి, దానికొక అగడ్త, చుట్టూ వరిపొలాలు. బాటలు కూడా కట్టలే. వాటిమీద మనుషులు నడిచేవారు. వాటి ప్రక్కన నీరు ఆగేది. ఏడవ జయవర్మ కాలంనాటి శాసనాలు బాటల వెంట 121 విడిది ఇళ్ళను, రాజ్యమంతటా 102 ఆరోగ్యశాలలను పేర్కొంటున్నవి. 2012లోనూ, 2015లోనూ హెలికాప్టరునుండి లేజరు కిరణాలతో కొలిచినప్పుడు, అడవి క్రింద దాగిన వీధులు, కాలువలు, మెరకలు గళ్ళగుడ్డమీది గీతలవలె బయటపడినవి.

కాని కట్ట వేసినంతమాత్రాన పని తీరదు. 10వ శతాబ్దంలో నాలుగవ జయవర్మ రాజధానిని కోకేర్‌కు మార్చి, అక్కడ ఏటికి అడ్డంగా సుమారు ఏడు కిలోమీటర్ల కట్ట వేయించాడు. వచ్చే నీటికి అలుగు చాలలేదనీ, కొద్దికాలానికే గండి పడి ఉంటుందనీ పరిశోధకులు లెక్కకట్టారు. 944లో రాజధాని తిరిగి అంకోర్ చేరినది.

అంకోర్ మాట ఏమి? 1431లో అయుధ్య సేనలు పట్టుకొన్నవనీ, దానితో అంతా ముగిసినదనీ చాలకాలం చెప్పుకొన్నారు. ఇప్పుడు వేరొక సంగతి తెలుస్తున్నది. అగడ్త అడుగున పేరుకొన్న మట్టిని పరీక్షించినవారు, నగరం నడిబొడ్డున వాడకం 14వ శతాబ్దం తొలినాళ్ళనుండే తగ్గుతూ వచ్చినదంటున్నారు. వియత్నాములోని ముదుసలి చెట్ల వలయాలు ఆ శతాబ్దపు మధ్యనుండి దీర్ఘమైన కరువులనూ, నడుమ నడుమ విపరీతమైన వానలనూ చూపుతున్నవి. బాగుచేసే చేతులు తగ్గిన తరువాత అటువంటి వానలు వస్తే ఏమవుతుందో రైలుకట్ట తెలిసిన మనవారికి నేను చెప్పనక్కరలేదు. ఒక కాలువ కోసుకొనిపోతే, ఆ ఇసుక మరొక కాలువను పూడుస్తుంది. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉండడమే వారి బలం. చివరకు అదే వారి బలహీనత అయినది.

అయినా ప్రజలు మాయమైపోలేదు. అంకోర్‌వాట్‌లో బౌద్ధభిక్షువులు ఉంటూనే వచ్చారు, రైతులు దున్నుతూనే వచ్చారు. ఏడవ జయవర్మ త్రవ్వించిన జయతటాకం ఎన్నో ఏళ్ళు ఎండి ఉండగా, ఈ శతాబ్దంలో పాత కాలువలు బాగుచేసి మళ్ళీ నింపారు. ఏప్రిల్ నెలలో వచ్చే వారి నూతన సంవత్సరపు మొదటి రోజు పేరులో మన మహాసంక్రాంతి మాటే ఉన్నది. ఆ పండుగనాడు ఆ నీటిలో ఆకాశం కనబడుతుందంటే నాకు సంతోషంగా ఉన్నది.

చెరువు కట్టించిన రాజుల పేర్లు శాసనాలలో ఉన్నవి. రాత్రివేళ కట్టమీద నడిచినవాని పేరు నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు. మా నాన్నగారు తెల్లవారి ఇంటికి వచ్చి, తడిసిన తలగుడ్డ పిండుకొంటూ అమ్మతో "కట్ట క్షేమం" అనేవారు. అంతకుమించి ఏమీ చెప్పేవారు కారు. ఆరువందల ఏళ్ళు అంకోర్‌ను నిలిపినది అటువంటి రెండు మాటలే అయి ఉంటవని నా నమ్మకం.