గోడ పగిలితే ఖర్చు ఎంత?



“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కాపాడుకోవడం కూడా అంత కష్టమే. ఐరాల చుట్టుపట్ల ఊళ్ళలో పాత ఇండ్లు చానా ఉన్నాయి. కొన్ని గుట్టరాళ్ళు పేర్చి, మట్టి అడుసుతో కట్టినవి. కొన్ని కాలనీ ఇండ్లు. చిత్తూరు జిల్లాలో 2015 లోనూ, 2021 నవంబరులోనూ పెద్ద వానలు పడ్డాయి. అట్లాంటి వానలకు గోడలు నెర్రెలు విడుస్తాయి. పునాది కుంగుతుంది.

ఒక ఇల్లాలు ఉందనుకోండి. కార్తీక మాసం వానలు వెలిసినాయి. ఆయమ్మ ఇంటి వెనక గోడ నెర్రె విడిచింది. కిటికీ మూల నుంచి కిందికి ఏటవాలుగా పగులు వచ్చింది. ఒక బేల్దారి మేస్త్రి వచ్చి చూశాడు. “యాభై వేలు అవుతుంది” అన్నాడు. ఇంకో మేస్త్రి వచ్చాడు. “పైన సిమెంటు పూస్తే చాలు, మూడు వేలు ఇయ్యి” అన్నాడు. ఆయమ్మ ఎవరి మాట నమ్మాలి?

ఆయమ్మ ఇద్దరినీ ఒకే మాట అడగాలి. “గోడ ఎందుకు పగిలింది?” అని. కారణం తెలియకుండా ఖర్చు తెలియదు.

పునాదికి పెద్ద శత్రువు నీళ్ళు. చూరు నీళ్ళు గోడ పక్కనే పడతాయి. జలదారి నీళ్ళు, కుళాయి నీళ్ళు అక్కడే నిలుస్తాయి. నేల నానుతుంది. పునాది రాళ్ళ నడుమ ఉన్న మట్టి కరిగిపోతుంది. గోడ కుంగుతుంది. నల్లరేగడి నేల అయితే ఇంకో కష్టం. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏటేటా గోడను ఎత్తి దించినట్టు చేస్తుంది. గోడ పక్కన పెద్ద చెట్టు ఉన్నా ఇబ్బందే. వేర్లు నేలలోని తడిని పీల్చేస్తాయి.

పగులు పెరుగుతా ఉందా, ఆగిపోయిందా? అది తెలుసుకోవడం సులభం. పగులు రెండు కొనల దగ్గర బొగ్గుతో గీత గీయాలి. పక్కన తేదీ రాయాలి. నెలకు ఒకసారి చూడాలి. పగులు గీత దాటితే పునాది ఇంకా కుంగుతా ఉందని అర్థం. అప్పుడు పైపూత దండగ. పూసిన సిమెంటు మళ్ళీ పగులుతుంది. మూడు వేలు నీళ్ళపాలు అవుతాయి.

పొరకపుల్ల కూడా దూరనంత సన్నని పగులు, పెరగకుండా ఉంటే, భయం లేదు. పెన్సిలు దూరేంత పగులు అయితే మేస్త్రికి చూపించాలి. వేలు దూరినా, గోడ వాలినా, తలుపులు ఉన్నట్టుండి పట్టేసినా ఆలస్యం చేయకూడదు. ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకూడదు. ఇంజినీరును పిలిపించాలి.

ఇంక ఖర్చు సంగతి. సిమెంటు బస్తా 350 రూపాయలు అనుకోండి. మేస్త్రి కూలి రోజుకు 1,000 అనుకోండి. సహాయం చేసేవాళ్ళకు తలా 600 అనుకోండి. ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసుకున్న ధరలు. మీ ఊరి ధర కనుక్కొని, ఆ చోట రాసి లెక్క కట్టండి.

మొదటి లెక్క: నీళ్ళు మళ్ళించడం.

గోడ వెంబడి చప్టా వేయాలి. పొడవు 30 అడుగులు, వెడల్పు 2 అడుగులు, మందం 4 అంగుళాలు. చప్టా ఇంటి నుంచి బయటికి వాలుగా ఉండాలి.

సిమెంటు 3 బస్తాలు - 1,050
ఇసుక, జల్లి, బాడుగ - 2,000
మేస్త్రి 1 రోజు - 1,000
సహాయం 2 కూలీలు - 1,200
మొత్తం - 5,250 రూపాయలు

రెండో లెక్క: కుంగిన పునాదికి బలం పెట్టడం.

గోడ 10 అడుగులు కుంగింది అనుకోండి. దాని కింద తవ్వి, కొత్త కాంక్రీటు పోయాలి.

సిమెంటు 5 బస్తాలు - 1,750
ఇసుక, జల్లి, బాడుగ - 2,500
మేస్త్రి 6 రోజులు - 6,000
సహాయం ఇద్దరు, 6 రోజులు - 7,200
ఊతం కొయ్యల బాడుగ - 1,500
మొత్తం - 18,950 రూపాయలు

ఈ లెక్కను మళ్ళీ ఒకసారి చదవండి. కూలికే 13,200 పోయింది. సిమెంటుకు అయింది 1,750 మాత్రమే. ఒక బస్తా తగ్గిస్తే మిగిలేది 350 రూపాయలు. దానికి పని పాడవుతుంది. సిమెంటులో పిసినారితనం వద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పది అడుగులూ ఒకేసారి తవ్వకూడదు. గోడ కూలి ప్రాణం పోతుంది. ముందు పైకప్పుకు కొయ్యలు ఊతం పెట్టాలి. మూడు, నాలుగు అడుగుల తునకలుగా తవ్వాలి. మొదటి తునక తవ్వి కాంక్రీటు పోయాలి. అది గట్టిపడినాక మూడో తునక. నడిమి తునక చివరికి. పని ఆరు రోజులే అయినా ఆగుతా చేస్తే మూడు వారాలు పడుతుంది. ఆగిన రోజులకు కూలి లేదని ముందే మాట్లాడుకోవాలి. “రెండు రోజుల్లో తవ్వి పోసేస్తా” అనే మేస్త్రి చౌకగా దొరికినా వద్దు.

మూడో లెక్క ఒక కాగితంలో తేలేది కాదు. గోడే వాలిపోతే దాన్ని విప్పి మళ్ళీ కట్టాలి. మిద్దె ఇల్లు అయితే కమ్మీలు, స్తంభాలు చూడాలి. దానికి ఇంజినీరు మాట తప్పనిసరి. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైనప్పుడు ఇంజినీరింగు అసిస్టెంటు పోస్టులు కూడా పెట్టారు. అక్కడికి పోయి ఎవరిని అడగాలో తెలుసుకోవచ్చు.

సర్కారు సాయం వస్తుందా? వాన, వరద, గాలివాన వల్ల ఇల్లు దెబ్బతింటే వస్తుంది. 2022 లో నిర్ణయించిన లెక్క ఇది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. కచ్చా ఇల్లు కొంత దెబ్బతింటే 4,000. కొంత అంటే కనీసం నూటికి 15 వంతులు. కాబట్టి వాన వెలిసిన వెంటనే ఫోటో తీసిపెట్టాలి. గ్రామ రెవెన్యూ అధికారికి చెప్పాలి. అర్జీ రాసి ఇవ్వాలి. ఆ 6,500 చప్టాకు చాలుతుంది. పునాదికి చాలదు.

మిగతా డబ్బు అప్పు తేవాలి. 19,000 అప్పు తెచ్చింది అనుకోండి. బయట నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 380. ఏడాదికి 4,560. పొదుపు సంఘంలో నూటికి ఒక రూపాయి అయితే నెలకు 190. ఏడాదికి 2,280. తేడా చూడండి. ఆ తేడాతో ఆరు బస్తాల సిమెంటు వస్తుంది.

ఇప్పుడు ఆ ఇల్లాలి దగ్గరికి రండి. ఆయమ్మ కాగితం తీసుకుంది. ఇద్దరు మేస్త్రీలనూ పిలిచింది. ఎన్ని అడుగుల పొడవు, ఎంత లోతు, ఎన్ని బస్తాలు, ఎన్ని రోజులు అని అడిగి రాసుకుంది. యాభై వేలు చెప్పిన మేస్త్రి నాలుగు గోడలకూ లెక్క కట్టినాడని అప్పుడు తెలిసింది. కుంగింది ఒక గోడే. పూత చాలన్న మేస్త్రి తవ్వి చూడనే లేదు.

ఆయమ్మ ఒక గోడకే పని ఒప్పుకుంది. దాంతో పాటు చప్టా కూడా వేయమంది. 18,950, 5,250 కలిపితే 24,200 రూపాయలు. డబ్బు మూడు వాయిదాలు అని రాసింది. సామాను దిగినప్పుడు ఒకటి. సగం పని అయినప్పుడు ఒకటి. పని ముగిసినాక ఒకటి. కింద మేస్త్రి సంతకం చేశాడు. ఆయమ్మా సంతకం చేసింది. వేలిముద్ర కాదు.

అక్కలారా! ఈ పొద్దే మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. చూరు నీళ్ళు ఎక్కడ పడతా ఉన్నాయి? పగులు ఎక్కడ ఉంది? బొగ్గుతో గీత గీసి తేదీ రాయండి. ఈ ఏడు 5,000 పెట్టి నీళ్ళు మళ్ళించినామె, రేపు 19,000 కోసం అప్పుకు పోయే పని తప్పించుకోవచ్చు.